సామాన్ల గది

అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. సలహాలకు మాత్రం ఆ నియమం లేదని చుక్కమ్మకు కొత్త ఫ్లాటు తాళంచెవి చేతికొచ్చిన పూటే తెలిసింది.

ఆమె అసలు పేరు ఆస్పత్రి హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. పిల్లల వేలికొన మీద సూది గుచ్చి, నెత్తురుచుక్క తీసి, గాజుపలక మీద పరిచి, మైక్రోస్కోపులో చూసి, లెక్క రాసిచ్చే ఉద్యోగం ఆమెది. ఎప్పుడో ఒక పిల్లవాడు "చుక్కమ్మ వద్దు, చుక్కమ్మ వద్దు" అని వసారా అదిరేలా ఏడ్చాడు. అప్పటి నుంచి డాక్టర్ల దగ్గర్నుంచి ఆయాల దాకా అందరికీ ఆమె చుక్కమ్మే. వయసు నలభై మూడు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు తీరిక దొరకలేదని చెప్పేది. అడిగేవాళ్ళకు ఆ తీరిక ఎక్కడ దొరికిందో ఆమెకు అర్థమయ్యేది కాదు.

పద్దెనిమిదేళ్ళు అన్నయ్య ఇంట్లో ఉంది. అక్కడ ఆమెకిచ్చిన గదిని సామాన్ల గది అనేవారు. కాలు విరిగిన పెద్ద సోఫా, అద్దాల బీరువా, చేపలు చచ్చిపోయాక మిగిలిన గాజుతొట్టి, వదిన ఒళ్ళు తగ్గించుకుందామని కొని నాలుగంటే నాలుగు రోజులు నడిచిన యంత్రం. వీటన్నిటి మధ్యా ఒక మంచం. ఆమె అందులో పద్దెనిమిదేళ్ళు కాపురమున్నా గది పేరు మారలేదు. "సామాన్ల గదిలో ఫ్యాను తిరుగుతోంది, ఎవరైనా కట్టండి" అనేది వదిన, లోపల మనిషి ఉందని తెలిసే.

కొత్త ఫ్లాటు మూడో అంతస్తులో. ఒక హాలు, ఒక పడకగది, ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు బయటే ఆగాల్సిన వంటిల్లు. అయినా గోడలు ఖాళీగా, నేల ఖాళీగా, ఎటు చూసినా ఖాళీగా ఉండేసరికి ఆమెకు కడుపు నిండినట్టుంది. ఒకే ఒక్క చిక్కు. ఆమె డ్యూటీ తెల్లవారుజామున మొదలై మధ్యాహ్నానికి అయిపోతుంది. ఇంటికొచ్చి నడుం వాల్చేసరికి పడమటి కిటికీలోంచి ఎండ తిన్నగా మొహం మీద కొడుతోంది. దానికేం చెయ్యాలి? ఆమె లోకాన్ని అడిగిన సలహా అదొక్కటే.

లోకం దానికి తప్ప అన్నిటికీ జవాబు చెప్పింది. గోడలకు పచ్చరంగు వెయ్యండి, కంటికి చలవ, అన్నాడు కళ్ళ డాక్టరు. ఆయన కళ్ళద్దాలు సీసా అడుగంత మందంగా ఉంటాయి. మందుల కొట్టావిడ ఇంటినిండా మొక్కలు పెట్టమంది. గేటు దగ్గర కాపలా ఆయన, "అద్దాలు బిగించండమ్మా, ఇల్లు రెండింతలు కనిపిస్తుంది" అన్నాడు.

"రెండిళ్ళు ఊడ్చే ఓపిక నాకు లేదు నాయనా" అంది చుక్కమ్మ.

ఇలాంటి మాటలు ఆమె బయటివాళ్ళతోనే అనగలదు. అన్నావదినల దగ్గర మనసులో వంద వెక్కిరింతలు పుట్టేవి, నోట్లోంచి మాత్రం "సరే వదినా" ఒక్కటే వచ్చేది. ఆ వెక్కిరింతలన్నీ తన తెలివికి గుర్తులని ఆమె నమ్మకం. తెలివైనవాళ్ళు వాదించరని తనకు తానే సర్దిచెప్పుకుంది పద్దెనిమిదేళ్ళూ.

ఆదివారం పొద్దున అన్నయ్య, వదిన ఇల్లు చూడ్డానికొచ్చారు. వెంట వదిన పినతల్లి కొడుకు. అతను ఇళ్ళ అలంకరణలో నిపుణుడు. ఏడాది కిందట వంటపాత్రల వ్యాపారంలో నిపుణుడు, అంతకుముందు జాతి కుక్కల్లో. ఇంకా ఏ రంగంలో నిపుణుడవుతాడో చూడాలంటే ఆయుర్దాయం ఉండాలి. అతను చెప్పులు విప్పకముందే కళ్ళు మూసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమైంది? కళ్ళు తిరుగుతున్నాయా?" అంది చుక్కమ్మ.

"ఇల్లు ఏం చెబుతోందో వింటున్నానండీ."

పై అంతస్తువాళ్ళ కుళాయి చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. కాసేపటికి నిపుణుడు కళ్ళు తెరిచి వంటింటి గోడ పడగొట్టాలన్నాడు. అప్పుడుగానీ వెలుతురు ప్రవహించదట.

"కూర మాడితే పొగెటు ప్రవహిస్తుంది?"

"అదంతా ఒక అనుభవం అనుకోవాలండీ."

సరే, వచ్చాడు కదా అని కిటికీ సంగతి అడిగింది. ఎండను అడ్డుకోకూడదనీ, ఆహ్వానించాలనీ అన్నాడు నిపుణుడు. తను మాత్రం నీడలోకి జరిగి నిలబడ్డాడు.

వదిన అప్పటికే గోడలు మూరలేసి కొలుస్తోంది. "ఈ గోడ మరీ బోసిగా ఉందమ్మాయ్. మన పెద్ద సోఫా ఇక్కడ అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. ఆ మూలకి అద్దాల బీరువా. ఈ గుమ్మం పక్కన చేపలతొట్టి పెట్టుకుంటే ఇంటికి కళ."

"చేపల్లేవుగా వదినా."

"కొనుక్కో! అన్నీ మేమే చెప్పాలా?"

చుక్కమ్మ నవ్వి ఊరుకుంది. ఆ నవ్వును వదిన ఒప్పుకోలు కింద జమకట్టుకుంది. వెళ్ళేటప్పుడు అన్నయ్య, "రెండో తాళంచెవి మా దగ్గరుంచమ్మా, అవసరానికి పనికొస్తుంది" అన్నాడు. ఆయన మంచివాడు. ఎంత మంచివాడంటే, చివరగా ఎవరు మాట్లాడితే ఆయన అభిప్రాయం అదే. దారిలో ఆ చివరి మాట వదినదే అవుతుందని తెలిసీ చుక్కమ్మ తాళంచెవి ఇచ్చేసింది.

గురువారం మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చి తలుపు తీసింది. తలుపు సగమే తెరుచుకుంది. వెనకాల నడక యంత్రం అడ్డుంది.

ఒంటిని పక్కకి తిప్పి లోపలికి దూరింది. సోఫా ఉంది, విరిగిన కాలి కింద పెట్టే ఇటుకతో సహా. బీరువా ఉంది. తొట్టి ఉంది, అందులో పాత పత్రికలు. పోనీ అంతటితో ఆగిందా? పడకగదిలో ఒక గోడకు నిలువెల్లా ముదురు రంగు పులిమి ఉంది. చెమ్మ ఇంకా ఆరలేదు. సీసాలో మూడు రోజులు మరిచిపోయిన నెత్తురు సరిగ్గా ఆ రంగుకే తిరుగుతుంది. ఆస్పత్రిలో అయితే అలాంటిదాన్ని పారబోసి చేతులు రెండుసార్లు కడుక్కుంటారు.

చెప్పులు కూడా విప్పకుండా ఫోను చేసింది.

"చూశావా? ఎలా ఉంది?" అంది వదిన హుషారుగా. "ఆ రంగు పేరు మట్టి సంధ్య. మావాడే దగ్గరుండి వేయించాడు. నీకు చెబితే మొహమాటపడతావని చెప్పలేదు."

"సామాను ఎందుకు పంపావు వదినా?"

"బాగుంది అడగడం! మా ఇల్లు కూడా మావాడు కొత్తగా తీర్చిదిద్దుతున్నాడుగా. అక్కడ పాత వస్తువేదీ ఉండకూడదన్నాడు. బయట పారేస్తే మనసొప్పుతుందా? నీకైతే పనికొస్తాయి."

ఫోను పెట్టేసి చుక్కమ్మ నడక యంత్రం మీద కూర్చుంది. ఇల్లు మారానని సంబరపడింది. సామాన్ల గది తనను వెతుక్కుంటూ మూడంతస్తులు ఎక్కి వచ్చింది. వదిన మీద, నిపుణుడి మీద, అన్నయ్య మీద వరసగా అసహ్యం వేసింది. చివరికి తన మీదే వేసింది. లోపల్లోపల నవ్వుకోవడం కూడా ఒక పనేనా? ఆ నవ్వులు ఎవరికి వినబడ్డాయి కనుక? ఇన్నేళ్ళూ తను వాళ్ళను చులకనగా చూస్తున్నాననుకుంది. వాళ్ళకు ఆ సంగతే తెలియదు. వాళ్ళకు తెలిసిందల్లా చుక్కమ్మ కాదనదని.

ఆదివారం ఆస్పత్రికి మంచాలు మోసే వ్యానును మాట్లాడుకుంది. ఇద్దరు మోతమనుషులు సామానంతా కిందికి దించి ఎక్కించారు. ఆమె డ్రైవరు పక్కన కూర్చుంది. ఇటుకను కాళ్ళ దగ్గర పెట్టుకుంది.

అన్నయ్య ఇంటి ముందు అరడజను కార్లున్నాయి. వదిన తన కొత్త ఇంటిని చూపించడానికి స్నేహితురాళ్ళను టీకి పిలిచింది. హాలంతా సున్నం కొట్టిన ఆస్పత్రి వార్డులా తెల్లగా ఉంది. కుర్చీల జాడే లేదు. జానెడెత్తు మెత్తల మీద పెద్దమనుషులైన ఆడవాళ్ళు ఐదుగురు, మోకాళ్ళు గడ్డాలకు తగిలేలా, కప్పులు ఎక్కడ పెట్టాలో తెలీక పట్టుకుని కూర్చున్నారు. మధ్యలో నిపుణుడు నిలబడి శూన్యం గొప్పతనం చెబుతున్నాడు.

"రా రా, సమయానికొచ్చావ్" అంది వదిన. అంతలోనే వెనకాల సోఫా తల కనిపించింది. "ఏంటిది?"

"మీ సామాను వదినా."

"నీకిచ్చేశాం కదే!"

"నేను పుచ్చుకోలేదు."

మోతమనిషి, "ఎక్కడ దించమంటారమ్మా?" అన్నాడు. పాత అలవాటు కొద్దీ చుక్కమ్మ నడవా చివరి తలుపు తోసింది. సామాన్ల గది. తెల్లటి గోడలు, మిలమిలలాడే నేల. మధ్యలో ఒక మెత్త, దాని ముందు మూడు గులకరాళ్ళు.

"అది మౌనమందిరం. చెప్పులతో వెళ్ళకండి" అన్నాడు నిపుణుడు.

చుక్కమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఈ గది ఖాళీ చెయ్యడానికి వీల్లేదని, సామాను పెట్టడానికి ఇంకో చోటే లేదని కదా పద్దెనిమిదేళ్ళూ చెప్పారు. మంచం చుట్టూ అడుగు చోటు కావాలని ఒక్కసారి, ఒకే ఒక్కసారి అడిగినప్పుడు కూడా అదే చెప్పారు. మూడు రాళ్ళ కోసం మూడు రోజుల్లో ఖాళీ అయింది.

ఆమె వెనక్కి తిరిగింది. "హాల్లో దించండి. అందరి మధ్యలో."

"అన్నీ నీ మంచికేగా చేశాం!" వదిన గొంతు పెరిగింది. "సలహా అడిగింది నువ్వు కాదూ?"

"కిటికీ గురించి అడిగాను వదినా. ఎండ పడకుండా ఏం చెయ్యాలని. ఎవరూ చెప్పలేదు. చివరికి కిటికీకి పాత దుప్పటి అడ్డం కట్టాను, సరిపోయింది. సోఫా గురించి నేనెవర్నీ అడగలేదు. గోడ గురించీ అడగలేదు. ఇంకెప్పుడూ నా ఇంట్లోకి చెప్పకుండా ఏదీ పంపకు. మనిషినైనా సరే, సామానైనా సరే."

వదిన నోరు తెరిచి, స్నేహితురాళ్ళను చూసి, మూసుకుంది. ఇంతలో మోకాళ్ళ నొప్పుల స్నేహితురాలు ఒకావిడ గోడ పట్టుకుని లేచింది. చుక్కమ్మ ఇటుక సర్దుతుండగానే వెళ్ళి సోఫాలో కూలబడింది.

"అమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది!" అంది.

మిగతా నలుగురూ లేచారు. చివరి ఆవిడ చోటు చాలక నడక యంత్రం మీద సర్దుకుంది. శూన్యం దగ్గర నిపుణుడొక్కడే మిగిలాడు. అన్నయ్య ఒకసారి భార్య వైపు, ఒకసారి చెల్లెలి వైపు చూసి, చివరగా మాట్లాడింది ఎవరో తేల్చుకోలేక టీ కప్పులు తీసుకుని లోపలికెళ్ళాడు.

తర్వాత రెండు నెలలు వదిన మాట్లాడలేదు. ఆ రెండు నెలల్లో చుక్కమ్మ ఒక బల్ల, ఒక కుర్చీ, గోడకు వెయ్యడానికి డబ్బాడు తెల్లరంగు కొనుక్కుంది. ఒక పూట రంగు మొదలుపెట్టిందో లేదో, తలుపు కొట్టారు. అన్నయ్య. ఆయన తాళంచెవితో తలుపు తియ్యలేదు. దాన్ని అరచేతిలో పెట్టి చాపాడు. ఆమె తీసుకుంది.

ఆయన చొక్కా చేతులు మడిచి రెండో బ్రష్షు తీసుకున్నాడు. ఎంత పూసినా లోపలి ముదురు రంగు మచ్చలు మచ్చలుగా పైకి తేలుతోంది.

"ఆ గదిలో నీకు చోటు చెయ్యగలిగేవాళ్ళమే" అన్నాడు అన్నయ్య, గోడ వైపే చూస్తూ. "చెయ్యలేదు."

"అవును, చెయ్యలేదు" అంది చుక్కమ్మ. ఫరవాలేదులే అన్నయ్యా అనే మాట నాలుక దాకా వచ్చింది. మింగేసింది.

కాసేపయ్యాక ఆయన మెల్లగా, "హాల్లో ఆ సోఫాని మళ్ళీ తీసెయ్యాలంటున్నాడు మీ వదిన తమ్ముడు. వచ్చినవాళ్ళంతా దాని మీదే కూర్చుంటున్నారు. ఏం చెయ్యమంటావ్?" అన్నాడు.

"నన్నడక్కు. ఆ పైమూల వదిలేశావు చూడు, అక్కడ పూయి."

ఆయన బల్ల జరుపుకుని ఎక్కాడు.