ఎనిమిదేళ్ల తెల్లకాగితం

నేను ఒక ప్రింటర్ని. రంగులు రావు, నలుపొక్కటే. దానికి నాకు సిగ్గేం లేదు. నా సిగ్గల్లా ఎనిమిదేళ్లపాటు ఆ నలుపు కూడా పడకపోవడం.

ఫ్యాక్టరీలో నన్ను బిగించిన అమ్మాయి, దారిలో నల్లపొడి ఒలికిపోకుండా టోనర్ డబ్బా మూతికి నారింజరంగు పట్టీ అంటించింది. వాడేముందు దాన్ని లాగేయాలని నాతో వచ్చిన పుస్తకంలో బొమ్మ వేసి మరీ చెప్పారు. కాకినాడలో నన్ను కొన్న ఫణిశేఖరం గారు ఆ పుస్తకాన్ని బల్ల ఊగకుండా కాలికింద పెట్టారు. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పే మనిషాయె, పుస్తకం చూసి ప్రింటర్ వాడడం నామోషీ!

పైగా ఆయన సొంతంగా ఆపరేటింగ్ సిస్టమే రాస్తున్నారు. పేరు ముంగిలి. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపలి రాత తెరిచి దిద్దుకోవచ్చు. ప్రపంచం మొత్తంమీద వాడేవాళ్లు పదకొండుమంది. అందులో ముగ్గురు ఆయనే.

మొదటిరోజే ముంగిలి నుంచి నాకు ఆజ్ఞ వచ్చింది. చక్కగా అర్థమైంది కూడా. కాగితం లాగాను, తిప్పాను, బయటికి వదిలాను. తెల్లగా! పట్టీ ఉండగా పొడి ఎలా రాలుతుంది? ఆయన మాత్రం "కాగితం కదిలింది, సగం గెలిచాం" అని తన రాతలో తప్పు వెతకడం మొదలుపెట్టారు. పట్టీ సంగతి చెబుదామంటే నాకు నోరు లేదు, అచ్చేసి చెబుదామంటే పట్టీ అడ్డం. నా ఖర్మ చూశారా!

ఏటా ఉగాది పొద్దున ఆయన ముంగిలికి పంచాంగం చదివేవారు. భార్య సత్యవాణి గారు పచ్చడి గిన్నెతో ఎదురుగా కూర్చుని వినాలి. "రాజపూజ్యం రెండు, అవమానం ఆరు. ఈ ఏడాది చేసినవి: గడియారం సరిగ్గా తిరుగుతోంది. వచ్చే ఏడాది చేయదలచినవి: ప్రింటర్." ఎనిమిది ఉగాదులూ ఇదే పాట. బళ్లారి నుంచి ముంగిలి వాడే ఒకాయన "ఇదే రకం ప్రింటర్ నా దగ్గర మొదటినుంచీ పనిచేస్తోందండీ" అని రాస్తే, "పాపం, నన్ను ఓదారుస్తున్నాడు" అన్నారు.

సత్యవాణి గారు బడిలో టీచరు. ప్రశ్నపత్రాల కోసం ఎండలో జిరాక్స్ షాపుకి తిరిగి తిరిగి ఆవిడకి విసుగొచ్చింది.

"ఇంక నావల్ల కాదండీ. ఈ ఉగాదికి పడితే పడింది, లేదంటే పాతసామాన్లవాడికి ఇచ్చేస్తాను."

అన్నంత పనీ చేశారు. పండగపూటే బండి వీధిలో ఆగింది. ఇంక ముక్కలుముక్కలు అయిపోతాననుకున్నాను. ఆవిడ దుమ్ముతో ఇవ్వడం ఇష్టంలేక నా మూత తెరిచి తుడుస్తున్నారు. ఆయన ఆ రోజు పంచాంగం చదవలేదు. మొహం వేలాడేసుకుని ముంగిలి వాడేవాళ్లకి ఉత్తరంగా నాలుగు ముక్కలు టైపుచేసి, అలవాటుకొద్దీ నాకు పంపారు. మూత తెరిచుంది కదా, నేను ఆగాను.

"ఏవండీ, ఈ పట్టీ ఏంటండీ?" అంటూ ఆవిడ సర్రున లాగేశారు. మూత వేశారు.

అచ్చేశాను! జీవితంలో నా మొదటి అక్షరాలు ఇవి: "మిత్రులారా, ముంగిలిలో ప్రింటింగ్ సాధ్యపడదు. నావల్ల కాలేదు. ఇంతటితో ఆపేస్తున్నాను."

ఆయన కాగితం రెండు చేతులా పట్టుకుని కేకేశారు. "వాణీ! సాధ్యపడదని ఎంత నల్లగా పడిందో చూడవే!"

"ఇదిగోండి మీ ఎనిమిదేళ్లు" అని ఆవిడ పట్టీ చేతిలో పెట్టారు.

బండివాడు ఖాళీగా వెళ్లాడు. ఆ ఉత్తరం ఆ పదకొండుమందిలో ఎవరికీ చేరలేదు. ఆయన వంగి, బల్ల కాలికింద పుస్తకం లాక్కుని, మొదటి పేజీ నుంచి చదవడానికి కూర్చున్నారు.

బల్ల మళ్లీ ఊగుతోంది. ఊగితే ఊగనీ. నేను ఊగుతూనే సత్యవాణి గారి ప్రశ్నపత్రాలు అచ్చేస్తున్నాను.