సిలార్ ఎంచిన రేడియో

సిలార్ సోల్డరింగ్ ఐరన్ మొనను తడిగుడ్డకు తుడిచి, ఆఖరి తీగ అతికించాడు. నందిగామ బస్టాండ్ ఎదుటి సందులో నలభై ఏళ్లుగా రేడియోలు, టీవీలు బాగుచేసిన వేళ్లవి. చివర్లు కాలి కాయలు కాశాయి. బల్ల మీద రెండు రకాల రేడియో జతలున్నాయి. జతలో ఒకటి డ్రోనుకు, రెండోది కింద ఫోనుకు. పైన బ్యాటరీలో ఎంత మిగిలిందో కిందికి చెప్పడం వాటి పని.

కిందటిసారి వైఫై జతను సిలారే ఎంచాడు. కృష్ణానది మధ్యలో అది మూగబోయింది. బ్యాటరీ అయిపోయిన సంగతి తెలియక, ఉమాకాంతం మాస్టారు రిటైరయ్యాక రెండేళ్లు కూర్చి కట్టిన డ్రోను నీళ్లలో పడింది. ఆయన తప్పు పట్టలేదు. అదే సిలార్‌ను కోసింది. తన చూపు తగ్గుతోంది, ఈ రెండో డ్రోనూ పోతే మరొకటి కట్టలేనన్నారు.

“వైఫై అయితే బొమ్మలు కూడా వస్తాయిగా సిలారూ?” అన్నారు మాస్టారు బల్ల పక్కన నిలబడి.

“కాస్త దూరం పోతే ఏవీ రావండి. ఈ రెండో రకం నిదానం, అంకెలు తప్ప ఏం మొయ్యదు. దూరం మాత్రం పోద్ది. లైసెన్సూ అక్కర్లా.”

“నీలాగే. నిదానం.”

“ఎగతాళి చెయ్యండి. ఈసారి పడితే నేనిక ఐరన్ పట్టను.”

చెవిటికల్లు దగ్గర ఏటిగట్టు ఎక్కుతూ సిలార్ రెండుసార్లు ఆగాడు. “నిన్న నిచ్చెనెక్కా, పట్టేసింది” అంటూ ఎడమ భుజం రుద్దుకున్నాడు.

మాస్టారు డ్రోను పట్టుకుని ఇసుకలో దూరంగా నడిచారు. వంద అడుగులైనా కాకముందే సిలార్ చేతిలో రేడియో పచ్చదీపం మిణకడం మొదలెట్టింది. నిలకడగా వెలిగితే జత కలిసినట్టు, మిణుకుతుంటే వెతుక్కుంటున్నట్టు. మళ్లీ తప్పు ఎంచాడా?

వెళ్లి చూశాడు. డ్రోను యాంటెన్నాకు నల్లదారంతో మంత్రించిన రాగి తావీజు చుట్టి ఉంది. పొద్దున షాపుకు టిఫిన్ తెచ్చిన భార్య అమీర్‌బీ పని అది.

“మీ ఆవిడ కట్టిందని ఊరుకున్నా” అన్నారు మాస్టారు. “మా ఆవిడ నిమ్మకాయ కడతానంటే బరువని వద్దన్నా.”

సిలార్ నవ్వలేదు. రాగి తగిలి రేడియో గొంతు నొక్కుకుపోయింది. అయినా వేళ్లు ముడి దగ్గర ఆగాయి. కట్టినచోటే వింటాడా దేవుడు? బిస్మిల్లా అని విప్పి చొక్కా జేబులో వేసుకున్నాడు. దీపం నిలిచింది.

డ్రోను లేచి నది మీదికి పోయింది. రిమోట్ మాస్టారు చేతిలో, ఫోనూ రేడియో సిలార్ చేతిలో.

“పన్నెండు” అన్నాడు సిలార్, ఫోనులో బ్యాటరీ వోల్టులు చూస్తూ. పదకొండు కిందికి పోతే డ్రోను పడిపోతుంది.

డ్రోను అవతలి ఇసుకమేట మీదికి పోగానే చేతిలో దీపం రెండుసార్లు మిణికింది. సిలార్ రేడియోను తలపైకెత్తాడు. నిలిచింది. “పదకొండున్నర. తిప్పెయ్యండి మాస్టారూ!” చెమట కళ్లలోకి కారుతోంది. మెల్లగా గట్టుకు ఆనుకుని కూర్చున్నాడు. “పదకొండు పాయింట్ రెండు... వచ్చేస్తంది...”

డ్రోను ఇసుక మీద దిగింది.

“పదకొండు” అన్నాడు, తనలో తాను చెప్పుకున్నట్టు.

“గెలిచావయ్యా సిలారూ!” మాస్టారు వంగి డ్రోను బ్యాటరీ ఊడదీశారు. “నీ నత్తే గెలిచింది. ఇప్పుడు చెప్పు, ఐరన్ పడతావా, పట్టవా?”

సిలార్ తల గట్టు మీదికి వాలిపోయి ఉంది. ఆయన దగ్గరికి వచ్చి సిలార్ గుండె మీద చెయ్యి వేశారు. జేబులో తావీజు గట్టిగా తగిలింది. దాని కింద ఏ కదలికా లేదు.

సిలార్ వేళ్ల మధ్య పచ్చదీపం మిణుకుతూనే ఉంది.