పగడపు దిబ్బ మీద పిట్టకు పెట్టిన కూడు

అమ్రాబాదు పక్క పల్లె నుంచి బయల్దేరిన నర్సింగమ్మ, తెలుగు మాట వినపడని ఆ అరవ దేశపు చివరి ఊరికి చేరేసరికి, పెద్దకొడుకు కురుమయ్యను ఇసుకలో పూడ్చిపెట్టి పదిరోజులు దాటింది. సముద్రంలో పగడపు రాళ్లు పెకలించి సున్నపు బట్టీలకు మోసే పనికి బాలస్వామి మేస్త్రి పాలమూరు నుంచి తోలుకొచ్చిన కూలీల్లో వాడొకడు. రాయి మీద కాలు జారింది, అల ఈడ్చుకుపోయింది. వాడికి ఈత రాదని మేస్త్రికి తెలియదా? ఎందుకు తెలియదు! కుంటలన్నీ ఎండిన ఊళ్లో పుట్టినవాడికి ఈత ఎక్కణ్నుంచి వస్తుంది?

చిన్న ఊరు. జాలర్లు వేటకు పోతే చప్పుడే ఉండదు. గట్టంతా తెల్లటి పగడం, దుప్పికొమ్ములు కుప్ప పోసినట్టు. చూడముచ్చటగానే ఉంది, దాని సొగసు తగలెయ్య! నడిస్తే అరికాళ్లు చీరుకుపోతున్నాయి.

పోయినవాడికి ఇష్టమైనది వండి పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టలేదంటే వాడి మనసులో ఏదో కోరిక మిగిలినట్టు. అదేమిటో కనుక్కుని మాటివ్వాలి. నర్సింగమ్మ ఇంటి నుంచి తెచ్చిన జొన్నపిండితో గటక కాచి, మోదుగాకు విస్తరిలో పెట్టి దూరం జరిగింది. పక్కన చిన్నకొడుకు జానయ్య. వాడూ అదే పనిలో ఉన్నాడు. వెనక మేస్త్రి, పని ఆగిపోయిందని మొహం మాడ్చుకుని నిలబడ్డాడు.

ఆ కాకులకేం కొదవ? చేపల రుచి మరిగినవి. గటకను కన్నెత్తి చూడలేదు.

“నీ పెండ్లాన్ని మంచిగ జూస్కుంట కొడుకా, ముట్టు” అంది నర్సింగమ్మ. ఒక్క కాకీ రాలేదు.

“నీ బిడ్డను నేను సాదుత.” అయినా రాలేదు.

అప్పుడు తట్టింది ఆమెకు. గొంతు చించుకుని అరిచింది: “నీ తమ్మున్ని ఇంటికి తోల్కపోత! గీ నీళ్లల్ల వాన్ని దిగనియ్య!”

మేస్త్రి జానయ్య వైపు చూశాడు. జానయ్య తలొంచుకుని పోయి, జాలర్లు గట్టు మీద ఎండబెట్టిన చేపల్లోంచి రెండు తెచ్చి విస్తరిలో పడేశాడు. కాకులు గోలగోలగా వాలాయి.

“ముట్టినయ్. ఇగ నడువుండ్రి” అన్నాడు మేస్త్రి.

నర్సింగమ్మకు ఒళ్లు మండిపోయింది. “సచ్చిన అన్నను గిట్ల మోసం జేస్తవార?”

“ఏం జెయ్యమంటవే అమ్మా? వానల్లేక ఊరంత ఎండిపాయె. నేను గూడ వస్తె వదినె ఏం తినాలె, పోరి ఏం తినాలె, నువ్వేం తినాలె? నేను రాను.”

నర్సింగమ్మ మూటలోంచి ఇంకో విస్తరి తీసింది. కుండలో మిగిలిన గటకంతా అందులో వేసి, కొడుకు కాళ్ల ముందు పెట్టింది.

“ఇదెవలికమ్మా?”

“నీకేరా. మల్ల గింత దూరం వచ్చుడు నాతోని గాదు. నీది గూడ ఇప్పుడే పెట్టి పోత.”

మేస్త్రి మళ్లీ పిలిచేసరికి జానయ్య గడ్డపార భుజాన వేసుకుని నీళ్లలోకి దిగాడు.