మీసాలు ఊడని సన్మానం

జగిత్యాల బస్సు దిగి కోరుట్ల బస్టాండు బయటికి రాగానే రాజమల్లు సారుకు తన మొహమే ఎదురైంది. పన్నెండడుగుల ఫ్లెక్సీ. ఫొటో తనదే, రిటైరైన రోజు తీసింది. కానీ ముక్కు కింద తనకెప్పుడూ లేని మీసం ఒకటి ఉంది, అగ్గిపెట్టెకు నల్లరంగు పూసి అతికించినట్టు. దాని కింద ఎర్రటి అక్షరాలు: 'మా ప్రియతమ హిట్లర్ సారుకు ఘన స్వాగతం. 1999-2000 పదో తరగతి బ్యాచ్.'

కోరుట్ల చుట్టుపక్కల ఊళ్ల బళ్లలో ముప్పై నాలుగేళ్లు సోషల్ చెప్పిన మనిషి ఆయన. ఎవరో కిట్టనివాళ్లు చేసిన పని అనుకున్నాడు మొదట. తీరా చూస్తే ఫ్లెక్సీ అడుగున అరవై మంది శిష్యులు వరుసగా నవ్వుతూ ఉన్నారు. అక్కడే నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు. భార్య జమున ఎత్తింది.

"నన్ను పిల్లలు హిట్లర్ అనేటోళ్లా?"

"మీకు తెల్వదా?" అవతల కుక్కర్ కూత వేస్తోంది. "కోరుట్ల అంగట్ల నన్ను హిట్లర్ సారు భార్య అనే పిలిచేటోళ్లు. మీకు తెలుసనే అనుకున్న."

"నాకెవ్వలు చెప్పలే."

"మీకెవ్వలు చెప్తరు?" అని జమున ఫోన్ పెట్టేసింది.

ఇంతలో రమేశ్ కారు దిగి వచ్చి కాళ్లకు మొక్కాడు. ఆ బ్యాచ్ వాడే. ఊళ్లో ఫ్లెక్సీలు కొట్టే షాపు అతనిది.

"ముందుగాల గది తీసెయ్ రా," అన్నాడు సారు.

"ఎందుకు సార్? ఫొటో మంచిగ రాలేదా?"

"ఆ పేరేంది? వాడెవడో ఎరికేనా నీకు?"

"ఎరిక లేకేం సార్. స్ట్రిక్ట్ మనిషి. మీ లెక్కనే, టైమంటే టైమే." రమేశ్ మొహం చిన్నబోయింది. "ప్రేమతోని పెట్టుకున్నం సార్. ఇంగ్లిష్ సారుకైతే ఏ పేరూ పెట్టలే."

ఆయన ఇంకేదో అనబోయేలోపు కారులో కూర్చోబెట్టేశాడు.

ఫంక్షన్ హాల్లో అడుగుపెట్టగానే బ్యాండు మోగింది. రాజమల్లు గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆడా మగా అందరి ముక్కుల కిందా మీసాలే. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే మొగిలి తన నల్ల గుడ్డలోంచి ముక్కలు కత్తిరించి తెచ్చాడట. వాటికి రమేశ్ తన షాపు గమ్ము పూశాడట. జగిత్యాల ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న దీవెన పట్టుచీర కట్టి, పూలు పెట్టుకుని, మీసంతో హారతి పళ్లెం పట్టుకుని ఎదురొచ్చింది. గోడ మీద పెద్ద తెర. దుబాయి నుంచి ముత్యం అందులో కనిపిస్తున్నాడు. కూలీల క్యాంపులో మంచం మీద కూర్చుని ఉన్నాడు, గుడ్డ దొరక్క మార్కరుతో గీసుకున్నాడు. వేదిక మీద అద్దాల పెట్టెలో సారు పాత బెత్తం, దానికొక బంతిపూల దండ.

రమేశ్ ఈల వేశాడు. అందరూ ఒక్కసారిగా కుడిచేతులు ముందుకు చాచారు. ఏదో హిట్లర్ వీడియోలో చూసి నేర్చుకున్నారు.

"కూసోండ్రి, కూసోండ్రి!" అంటూ సారు కూడా చెయ్యి చాచాడు. పిల్లల్ని కూర్చోమనడానికి ఆయన ఎప్పుడూ అట్లాగే చాచేవాడు. అది చూడ్డానికి ఎట్లా ఉందో తట్టి చప్పున దించుకున్నాడు గానీ, అప్పటికే ఎవరో ఫొటో తీశారు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

శాలువ పట్టుకొచ్చిన రమేశ్‌ను పక్కకు జరిపి సారు మైకు అందుకున్నాడు.

"రెండో ప్రపంచ యుద్ధానికి కారణాలు చెప్పున్రి."

ఏదో ఆట అనుకున్నారు. కుర్చీలు కిర్రుమన్నాయి. అందరూ లేచి, చేతులు కట్టుకుని, ఒకే గొంతుతో అందుకున్నారు. "ఒకటి, వర్సెయిల్స్ సంధి. రెండు, నియంతృత్వాల విజృంభణ. మూడు, నానాజాతి సమితి వైఫల్యం. నాలుగు, బ్రిటన్ ఫ్రాన్సుల బుజ్జగింపు విధానం. ఐదు, పోలండు మీద దాడి." ఇరవై ఐదేళ్లయినా ఒక్క అక్షరం తప్పు పోలేదు. దుబాయి నుంచి ముత్యం మాత్రం ఒక పాయింటు వెనకబడి వచ్చాడు.

"సరే. ఆ హిట్లర్ ఎంతమందిని చంపిండు? ఎవలను చంపిండు?"

దీవెన మెల్లగా చెయ్యెత్తింది. "సార్, అది మీరు కొట్టేపిచ్చిన్రు."

"ఏది కొట్టేపిచ్చిన?"

ఆమె పాత సోషల్ పుస్తకం తెచ్చిచ్చింది. జ్ఞాపకాల బల్ల మీద పెట్టడానికి తీసుకొచ్చిందట. పేజీ అడుగున ఒక పేరా చుట్టూ పెన్సిల్ గీత, దాని పక్కన ఆమె గుండ్రటి చేతిరాతలో 'రాదు' అని. పరీక్షకు రాదు. చదవొద్దు. రాజమల్లు ఆ పేరాను చూస్తూ నిలబడ్డాడు. ఎందుకు కొట్టేయించాడు? అప్పట్లో పరీక్షలో అది ఎప్పుడూ అడగలేదు, అందుకు. ఇంతకంటే మంచి కారణం కోసం వెతుక్కున్నాడు గానీ దొరకలేదు.

"కూసోండ్రి," అన్నాడు, ఈసారి చెయ్యి చాచకుండా. "గీ పాఠం బాకీ ఉన్నది."

చెప్పాడు. మొదట యూదుల పేర్లు రాసుకున్నారని చెప్పాడు. వాళ్ల పిల్లల్ని బళ్లో వేరే బెంచీల మీద కూర్చోబెట్టారు. తర్వాత బడే మాన్పించారు. తర్వాత దుకాణాలు పోయాయి, ఇళ్లు పోయాయి. ఆ తర్వాత పశువుల్ని తోలే రైలు పెట్టెల్లో మనుషుల్ని కుక్కారు. అరవై లక్షల మందిని చంపారు. ముసలివాళ్లు, బాలింతలు, చంకలో పిల్లలు. "గదే యుద్ధంల మన బెంగాల్ల తిండి లేక ముప్పై లక్షల దాక పోయిన్రు. గది సుత నేను చెప్పలే. అప్పుడు ఏలేటోడు హిట్లర్ కాదు, ఇంగ్లిషోడు. గందుకే అది ఎవ్వలకూ యాదికి లేదు."

వంటవాళ్లు బిర్యానీ మూత తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీశారు. ఎవరూ కదల్లేదు.

ముందుగా దీవెనే మీసం పీక్కోబోయింది. రాలేదు. గోరుతో గీకింది. మొగిలి ఒక అంచు పట్టి లాగి కెవ్వుమన్నాడు. ఫ్లెక్సీని ఇనుప చట్రానికి అంటించే గమ్ము అది. ఎండకూ వానకూ ఊడదని రమేశ్ హామీ ఇచ్చి అమ్మే సరుకు. సారు పాఠం గ్యాసు గదుల దగ్గరికి వచ్చేసరికి హాల్లో సగం మంది ఏడుస్తున్నారు. ఒక్కరికీ మీసం ఊడలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేక తల దించుకుని ముక్కులు తుడుచుకుంటున్నారు. వంటాయన జాలిపడి కొబ్బరినూనె డబ్బా పంపించాడు.

"సార్, నాది పర్మనెంట్ మార్కరు," అన్నాడు తెర మీద ముత్యం. "ఇంకో గంటల డ్యూటీ ఉన్నది. ఎట్ల పోవాలె?"

ఎవరూ నవ్వలేదు.

అప్పుడు కనబడ్డాడు వెనక వరుసలో ఒకతను. మీసం అంటించుకోలేదు. సొంత గడ్డం ఉంది, పైపెదవి నున్నగా ఉంది. సారు పోల్చుకున్నాడు. ఖాలిద్. రోల్ నంబరు పదిహేడు. మెట్‌పల్లిలో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తాడని ఎవరో చెప్పారు.

"నాకు ఆ పేరు ఎవలు పెట్టిన్రు?" అని సారు అందర్నీ అడిగాడు.

"దెబ్బలకు భయపడి అందరం..." అని రమేశ్ మొదలుపెట్టాడు.

"నేను పెట్టిన సార్." ఖాలిద్ లేచి నిలబడ్డాడు. "దెబ్బలకు కాదు. గీ పాఠం చెప్పిన నాటికి ముందురోజే ఇండియా పాకిస్తాన్ మ్యాచ్ అయింది. మీరు క్లాసుల నన్నొక్కన్ని లేపి, నువ్వు ఎవల దిక్కు చప్పట్లు కొట్టినవ్ రా అని అడిగిన్రు. నేను ఇండియా అన్న. సచ్చీ, నిజమేనా? అన్నరు మీరు. అందరు నవ్విన్రు."

హాలంతా నూనె చేతులతో ఆగిపోయింది.

"ఇంటికి పోయి మీరు కొట్టేపిచ్చిన పేరా చదివిన. పిల్లలను లేపి వేరే నిలబెట్టిన్రని గందుల ఉన్నది. తెల్లారి మీకు ఆ పేరు పెట్టిన. మిగతోళ్లు స్ట్రిక్టని పెట్టిన అనుకున్నరు. నేను చెప్పలే."

రాజమల్లు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. మ్యాచ్ గుర్తుంది. ఆ క్లాసు కిటికీలు, ఖాలిద్ గీసిన యూరప్ మ్యాపు, అన్నీ గుర్తున్నాయి. ఆ మాట మాత్రం లేదు. అబద్ధమని అనడానికి నోరు రాలేదు. అట్లాంటి జోకులు తనకు అలవాటే, అది మాత్రం తెలుసు.

"నాకు యాదికి వస్తలేదు ఖాలిద్."

"మీకు యాదుండది సార్. నాకున్నది."

"తప్పయింది. అన్నదీ తప్పే, మర్చిపోయిందీ తప్పే." మైకులో ఆ మాట గోడలకు తగిలి రెండుసార్లు వినబడింది.

"మ్యాపు గీసుడు సుత మీ దగ్గరనే నేర్చుకున్న సార్," అని ఖాలిద్ కూర్చున్నాడు.

సన్మానపత్రం చదవడానికి ఎవరూ ముందుకు రాలేదు. చల్లారిన బిర్యానీ తిన్నారు. హాలు నుంచి బయటికొస్తుంటే, తర్వాతి బుకింగ్‌వాళ్లు, ఎంగేజ్‌మెంటుకు వచ్చినవాళ్లు, పైపెదవులు ఎర్రగా కంది నూనె కారుతున్న ఆ యాభై అరవై మందిని చూసి దారిచ్చి పక్కకు జరిగారు. వంటలో ఏదో కలిసిందని ఒకావిడ గట్టిగానే అంది.

ఖాలిద్ తన బండి మీద సారును బస్టాండు దాకా దింపాడు. జగిత్యాల బస్సు కనబడ్డాక అన్నాడు: "మా బిడ్డ బుష్రా ఇప్పుడు పదో తరగతి సార్. సోషల్ల ఎన్కబడ్డది. మాఫ్ చేసిన అని నేను ఇప్పుడే అనలేను. మీకు తీరితే ఆదివారం ఇంటికి రండ్రి."

ఆదివారం ఆయన మెట్‌పల్లి బస్సెక్కాడు. జమున కట్టిచ్చిన సకినాలు పట్టుకుని వెళ్లి, ఖాలిద్ ఇంటి ముందుగదిలో చాప మీద కూర్చుని, ఐదు పాయింట్లు పక్కన పెట్టి కథలా చెప్పుకొచ్చాడు. బుష్రా పెన్ను నోట్లో పెట్టుకుని విన్నది. వేరే బెంచీల దగ్గర ఆపింది.

"సార్, ఆ పిల్లలను లేపిందెవలు? పోలీసులా?"

ఖాలిద్ చాయ్ కప్పులతో గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. రాజమల్లు అటు చూడలేదు.

"కాదు బిడ్డా. వాళ్ల సార్లే."

"ఎందుకు?"

"మొదట్ల నవ్వులాటకే అనుకున్నరు," అన్నాడాయన.

బుష్రా ఆ మాట నోట్సులో రాసుకుంది. ఖాలిద్ వచ్చి కప్పు ఆయన చేతికిచ్చి, కూతురి పక్కన చాప మీద కూర్చున్నాడు. "మిగతది చెప్పున్రి సార్, నేను సుత వింట," అన్నాడు.