తర్వాతది పంపు

రేపట్నుంచి నేను మళ్ళీ కుట్టు దుకాణానికి వెళ్ళాలి. బాబు పుట్టాక ఇదే మొదటిసారి. అత్తయ్య చూసుకుంటానన్నారు గానీ నాకే కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. అందుకే ఉయ్యాల పైన కెమెరా పెట్టించాను, మిషన్ దగ్గర కూర్చునే ఫోన్‌లో వాణ్ణి చూసుకోవచ్చని. తీరా చూస్తే, ఫోన్‌లో కదిలే బొమ్మ కాస్తా ఉన్నట్టుండి ఆగిపోతోంది. వాడు నోరు తెరిచి అలాగే ఉండిపోతే, లేచి ఉయ్యాల దగ్గరికి పరుగెత్తుతున్నాను.

"ఇది బాగుపడకపోతే నేను వెళ్ళను," అని తేల్చి చెప్పేశాను.

"వెళ్ళకపోతే రోజంతా నాకు కాపలా కాస్తుంది. ఒరేయ్, ఎలాగైనా బాగుచెయ్యరా!" అన్నారు అత్తయ్య మా మరిదితో. ఆఫీసుల్లో నెట్‌వర్క్‌లు చూడటమే అతని పని.

మరిది లాప్‌టాప్‌లో కెమెరా బొమ్మ పెట్టి, రెంటి మధ్యా నడిచే రాకపోకలన్నీ వరసగా పట్టి చూపించాడు. తెర నిండా అంకెలే.

"కెమెరా బొమ్మలో ప్రతి చిన్న నలుసుకీ వరసగా అంకె వేసి, ముక్కలుగా పంపుతుంది వదినా. ప్రతి ముక్క మీదా అది ఎన్నో అంకె నుంచి మొదలో ఉంటుంది. అందుకున్నాక లాప్‌టాప్ జవాబుగా ఒక అంకె పంపుతుంది. ఇక్కడ చూడు, ఒకే అంకె మళ్ళీ మళ్ళీ పంపుతోంది. మధ్యలో ముక్క పోయింది. వెనకవి వచ్చినా పక్కన పెట్టుకుని, ముందు అదే కావాలంటోంది."

"అచ్చం మావాడే! గిలక్కాయ పడిపోతే ఇంకేమిచ్చినా ఊరుకోడు," అన్నాను.

వైఫై పెట్టె ఇనప బీరువా వెనక నక్కి ఉంది. "ఈ ఇనుమే అడ్డు," అంటూ మరిది దాన్ని తీసి బీరువా నెత్తిన పెట్టాడు. బొమ్మ చకచకా నడిచింది. అయినా నేను తెర మీంచి కళ్ళు తియ్యలేదు.

"ఆగాగు! కెమెరా ఒకటి నుంచి పద్నాలుగు వందల అరవై దాకా పంపింది. లాప్‌టాపేమో పద్నాలుగు వందల అరవై ఒకటి కావాలంటోంది. అంటే అది పోయినట్టేగా!"

మరిది పడీ పడీ నవ్వాడు. "పోలేదమ్మా తల్లీ! అరవై దాకా అన్నీ అందాయి, ఇక అరవై ఒకటి పంపు అని దానర్థం. అందింది చెప్పదు, తర్వాత కావాల్సింది అడుగుతుంది. అదే రసీదు."

కింది వరస చూశాను. నిజమే, తర్వాతి ముక్క సరిగ్గా అక్కడ్నుంచే మొదలైంది. "హమ్మయ్య!" అన్నాను. ఉయ్యాల ఊపుతూ అత్తయ్య అంతా విన్నారు.

మర్నాడు దుకాణంలో బొమ్మ ఆగలేదు. అయినా మనసు ఊరుకోక ఫోన్ చేశాను.

"అత్తయ్యా, జలుబు చుక్కలు వెయ్యడం..."

"తర్వాతది పంపు."

"పాలు కాస్త గోరువెచ్చగా..."

"తర్వాతది!"

"వాడు నిద్ర..."

"తర్వాతది ఏమీ లేకపోతే పెట్టెయ్యవే తల్లీ, వీడు నా జుట్టు పీకుతున్నాడు!"

ఫోన్‌లో చూస్తే నిజంగానే పీకుతున్నాడు, రెండు చేతులా. నవ్వాపుకోలేక ఫోన్ సొరుగులో పడేసి, మిషన్ మీదున్న జాకెట్టుకి రెండో చెయ్యి అతికించాను.