గడప దగ్గర విడిచిన బూటు

పుండు మానుతోందని నర్సు హరిత చెప్పినప్పుడు సుభద్రమ్మ గుండె గుభేలుమంది. మొగుడి కాలు బాగుపడుతోందంటే ఏ ఇల్లాలైనా కొబ్బరికాయ కొడుతుంది. ఈవిడకేమో చెమటలు పట్టాయి.

ఆమె భర్త రాజగోపాలయ్యకు బళ్లారిలో బట్టలంగడి. షుగరు ముదిరి కుడి అరికాల్లో పుండు పడింది. అలాంటి పుండ్లకు కొత్త మందు ఒకటి ఊళ్లోని ఒక ఆసుపత్రిలో పరీక్షిస్తున్నారంటే ఇద్దరూ వెళ్లి పేరు రాయించుకున్నారు. మొదటి రెండు వారాలు అందరికీ మామూలు వైద్యమే. పుండు కడిగి కట్టు కడతారు, దాని మీద బరువు పడకుండా ఒక ప్రత్యేకమైన బూటు తొడుగుతారు. అంతమాత్రానికే పుండు బాగా చిన్నదైతే ఆ మనిషిని పరీక్షలోకి తీసుకోరు.

"అట్ల మానేదానికి కొత్త మందు ఎందుకమ్మా?" అని హరిత విడమరిచి చెప్పింది. "మందుతో మానిందో, బూటుతో మానిందో మాకెట్ల తెలుస్తాది? మేము వద్దంటే మీరు సంతోషపడల్ల."

సుభద్రమ్మ చెవిన పడింది 'తీసుకోరు' అన్న ఒక్క ముక్కే. సిరుగుప్పలో ఆమె అన్న వెంకటరామికి ఏళ్ల తరబడి ఈ మామూలు కట్లే కట్టారు. కట్టి కట్టి చివరికి కాలే తీసేశారు. ఆ అన్న ఏ బూటూ లేకుండా బియ్యం మండీలో బస్తాల మధ్య ఉత్త కాళ్లతో తిరిగేవాడన్న సంగతి ఆమెకు తట్టనే లేదు. బట్టలంగడి ఇల్లాలు కదా, పాత సరుకు కన్నా కొత్త సరుకు మేలన్నది ఆమె నరనరానా ఉంది.

వాళ్ల అంగట్లో గడప దాటితే చెప్పులుండవు. లోపల తెల్ల దుప్పటి పరిచిన గద్దె, దాని పైన లక్ష్మి పటం. బూటు ఇచ్చిన మొదటి రోజు రాజగోపాలయ్య గడప దగ్గరే మొండికేశాడు. "ఆ తల్లికి తెలీదా మీ కాలి సంగతి? ఏమనుకోదు, రాండి" అని ఆమే నచ్చజెప్పి, బూటు అడుగు తడిగుడ్డతో తుడిచి లోపలికి నడిపించింది.

ఆ సుభద్రమ్మే, పుండు మానుతోందన్న హరిత మాట విన్న మర్నాడు పొద్దున, గడప దగ్గర ఆయన్ను ఆపింది.

"బూటు ఈడ విడిచిపెట్టండి."

"ఏంది? నువ్వే కదా తొడుక్కోమంటివి."

"మనసుకు ఏమో కీడు తోస్తాండాది. లక్ష్మి ఉండే తావులో బూటేసుకుని తిరిగితే పుండు యాడ మానుతాది?"

ఆయనకు కావలసిందీ అదే. బరువు దిగినట్టు బూటు విడిచేశాడు. అరికాలికి స్పర్శ లేని మనిషి, నొప్పి పుడితే కదా తెలిసేది! చీరల బీరువా నుంచి గద్దెకు, గద్దె నుంచి గడపకు ఉత్త కాళ్లతో తిరిగాడు. ఒక్కో అడుగూ తన గుండె మీద పడుతున్నట్టే ఉంది ఆమెకు. అయినా ఆపలేదు. కొత్త మందు చేతికొచ్చేదాకే తల్లీ అని పటానికి దండం పెట్టుకుంది.

గడువు నాటికి హరిత పుండు కొలిచి ముఖం చిన్నబుచ్చుకుంది. "తగ్గేది నిలిచిపోయిందమ్మా. బూటు తీయలేదు కదా?"

"లేదు తల్లీ," అంది సుభద్రమ్మ. దేవుడి సంగతులు ఆసుపత్రిలో ఎందుకని రాజగోపాలయ్య కూడా తలాడించాడు.

పరీక్షలోకి తీసుకున్నారు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. తీసుకున్నవాళ్లలో సగం మందికే కొత్త మందు, మిగతా సగానికి పాత వైద్యం. ఎవరెటన్నది కంప్యూటరు చీటీ వేసినట్టు తేలుస్తుంది. రాజగోపాలయ్య పాతవైపు పడ్డాడు.

"దిగులుపడొద్దమ్మా," అంది హరిత. "అదే కట్టు, అదే బూటు. ముందు దాంతోనే మానుతాండె కదా."

సుభద్రమ్మ అంగడికొచ్చి ఆ బూటే తొడగబోతే ఈసారి ఆయన వినలేదు. "చేసిన తప్పు సాలదా? మళ్లీ ఆ తల్లి ముందర బూటా?" అన్నాడు. ఆమె బతిమాలింది, ఏడ్చింది, అలిగి అన్నం మానేసింది. నిజం తప్ప అన్నీ చెప్పింది. ఆ నిజం ఒక్కటి చెప్పి ఉంటే ఏమయ్యేదో! పుండు ఎముకదాకా పోయింది. కుడికాలు మోకాలి కింద తీసేశారు.

మిగిలిన ఎడమకాలికైనా కాపలాగా ఉండాలని ఆసుపత్రి వాళ్లు ఇంకో బూటు ఇచ్చారు. చంకకర్రలతో అంగడికి వచ్చిన మొదటి రోజు రాజగోపాలయ్య దాన్ని గడప దగ్గరే విడవబోయాడు. ఆ పాదం అప్పటికే ఒకచోట ఎర్రగా కంది ఉంది.

"తీయొద్దండి," అంది సుభద్రమ్మ.

"నువ్వు ముందే చెప్తివి కదా, సుభద్రా. మొదట్లో నాలుగు దినాలు బూటుతో తిరిగితి, తల్లికి కోపమొచ్చింది. నీ తప్పేముండాది దీంట్లో?"

ఆమె గడప మీద కూలబడి ఆ పాదం రెండు చేతులా పట్టుకుంది.

"తల్లి కోపం కాదు. నేను చేసినా. పుండు మానితే కొత్త మందు ఇయ్యరని, మానకుండా ఉండల్లని నేనే బూటు ఇడిపించినా. లక్ష్మి పేరు అబద్ధానికి వాడుకుంటి."

రాజగోపాలయ్య పటం వైపు చూశాడు. తర్వాత బూటుతోనే లోపలికి వెళ్లి గద్దె మీద కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున ఎప్పటిలా బూటు తొడగడానికి ఆమె వంగింది. ఆయన కాలు వెనక్కి లాక్కున్నాడు.

"నువ్వొద్దు. నేనే తొడుక్కుంటా."