ఎరుపు వైపు ఎవరూ తిప్పలేదు

నేను ఒక గుండ్రటి నల్ల నాబ్‌ని. కారులో డ్రైవరు ఎడమ చెయ్యి చాపితే అందే చోట నా కాపురం. నా చుట్టూ అర్ధచంద్రంలా ఒక గీత ఉంటుంది. సగం నీలం, సగం ఎరుపు. నీలం వైపు తిప్పితే చల్లగాలి, ఎరుపు వైపు తిప్పితే వెచ్చటి గాలి. ఇంతే నా చదువు. ఈ మాత్రం చదువును కూడా మనుషులు నా దగ్గర పూర్తిగా నేర్చుకోలేదు. సగంలోనే బడి మానేశారు.

ఇప్పుడు నర్సీపట్నంలో ఒక పాత సామాన్ల కొట్లో, రేకు డబ్బాలో, విరిగిన అద్దం పిడులూ తుప్పు పట్టిన నట్లూ మధ్యన పడి ఉన్నాను. అలసిపోయాను. తిప్పీ తిప్పీ నా అంచున ఉండాల్సిన గరుకంతా అరిగి నున్నగా అయిపోయింది. అదీ ఒక పక్కే. నీలం పక్క.

నన్ను మద్రాసు దగ్గర ఒక ఫ్యాక్టరీలో పోతపోశారు. మెడలో పసుపుతాడు, తలలో కనకాంబరాలు ఉన్న ఒకావిడ నన్ను కారుకు బిగించి, ఈ చివరి నుంచి ఆ చివరికీ, ఆ చివరి నుంచి ఈ చివరికీ తిప్పి చూసి, బాగుందన్నట్టు తలూపింది. నన్ను రెండు వైపులా సమానంగా తిప్పిన మనిషి ఆవిడే. ఆవిడ పేరు కూడా నాకు తెలియదు.

ఒక్క సంగతి ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత నన్నే తిడతారు. వేడి నాది కాదు. ఇంజను చుట్టూ తిరిగి మరిగిన నీళ్లు ఒక పైపులోంచి వచ్చి, నా వెనకాల ఉన్న చిన్న పెట్టెలోకి చేరి, ఇంకో పైపులోంచి వెళ్లిపోతాయి. ఆ పెట్టె మీదుగా వచ్చిన గాలి వెచ్చబడుతుంది. నేను చేసేదల్లా ఆ గాలికి తలుపు తీయడం, వేయడం. గుమాస్తా ఉద్యోగం.

నా మొదటి యజమాని బెజవాడలో బట్టల కొట్టు పట్టాభి గారు. భారీ మనిషి. కారెక్కగానే చొక్కా పై గుండీ విప్పి, నన్ను నీలం చివరికంటా తిప్పి, "అబ్బ, ప్రాణం లేచొచ్చింది" అనేవారు. పక్కన ఆయన భార్య సుభాషిణి గారు పైట రెండు భుజాల మీదా కప్పుకుని ముడుచుకుని కూర్చునేది.

"ఏవండీ, కాస్త తగ్గించండి. చెవులు గుయ్యిమంటున్నాయి."

"ఏసీ కారు కొన్నది చెమటలు కక్కడానికా?"

"నేను చెమటలు కక్కమన్నానా? కాస్త అన్నాను."

ఆ 'కాస్త' కోసం వాళ్లిద్దరూ పోట్లాడుకున్నంతగా పొలం గట్ల కోసం అన్నదమ్ములు కూడా పోట్లాడుకోరు. ఆయన సిగ్నల్ దగ్గర అటు చూస్తుంటే ఆవిడ నన్ను ఒక వేలి వెడల్పు ఇటు జరిపేది. పచ్చ లైటు పడే లోపల ఆయన మళ్లీ అటు జరిపేవారు. ఒకసారి ఆవిడ విసిగిపోయి ఇంకాస్త గట్టిగా తిప్పబోతే ఆయన కేకేశారు. "ఆ ఎరుపు జోలికి మాత్రం వెళ్లకు. ఇంజను పేలిపోద్ది!" ఎవరు చెప్పారో ఆయనకి! పేలడానికి అదేమన్నా దీపావళి సరుకా? కానీ నాకు నోరు లేదు కదా.

ఒక ఎండాకాలం సుభాషిణి గారి కాళ్ల కింద తివాచీ తడిసింది. మెకానిక్ మస్తాన్ దగ్గరికి తీసుకెళ్లారు. అతను బోర్లా పడుకుని టార్చి వేసి చూసి, "హీటర్ పెట్టె కారుతోందండీ. కొత్తది వెయ్యాలి" అన్నాడు.

"హీటరా? అదొకటుందా దీనికి?"

"ఉంటదండీ. చలికాలానికి."

"బెజవాడకి చలికాలం ఎప్పుడొచ్చిందయ్యా? నాకు చెప్పనేలేదే!"

ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు. మస్తాన్ ఆ పెట్టెను పీకి బయట పారేసి, వేడినీళ్లు వచ్చే పైపునీ పోయే పైపునీ ఒక ఇనుప గొట్టంతో అక్కడికక్కడే కలిపేశాడు. ఇంజను నీళ్లు ఇంజనులోనే తిరుగుతాయి, నా దాకా రావు. మస్తాన్‌ది తప్పని నేననను. ఆ ఊళ్లో అందరూ చేసే పనే అతనూ చేశాడు. కానీ నా మీద ఎర్ర గీతని మాత్రం ఎవరూ చెరపలేదు. లోపల ఏమీ లేకుండా బయట బోర్డు వేలాడదీసుకుని కూర్చున్న కొట్టులా తయారయింది నా బతుకు.

పట్టాభి గారు కొత్త కారు కొన్నాక నేనున్న కారు చేతులు మారి, విశాఖ ఏజెన్సీలో చింతపల్లి చేరింది. అక్కడ దాన్ని కొన్నవాడు బొంజుబాబు. నలభై దాటినవాడు, సన్నగా ఉంటాడు, తలకు మఫ్లరు ఎండాకాలంలో కూడా తీయడు. అడ్డాలో బండి పెట్టుకుని కొండ మీదికీ కిందికీ మనుషుల్ని దింపేవాడు. అమ్మిన బ్రోకరు అతనికి ఒకే ఒక్క నీతి బోధించి పంపాడు. "ఎరుపు వైపు తిప్పకు. ఘాటీలో ఇంజను వేడెక్కి పట్టేస్తాది."

బొంజుబాబు దాన్ని వేదవాక్కులా పట్టుకున్నాడు. మధ్య కొండలో ఇంజను పట్టేసి బండి ఆగిపోతే దిక్కెవరు, పాపం! నా ఎరుపు సగం మీద నల్ల టేపు అంటించేశాడు. అలా నాకు సగం మొహం మూసుకుపోయింది.

లంబసింగి మంచు చూడటానికి మైదానం నుంచి జనం వచ్చేవాళ్లు. పొగమంచులో పళ్లు టకటకలాడుతుంటే, "డ్రైవరూ, ఏసీ కారన్నావు, ఏసీ వెయ్యవా?" అని అడిగేవాళ్లు. అతను వేసేవాడు. వాళ్లు వణుక్కుంటూ తృప్తిగా కూర్చునేవాళ్లు. మనుషుల్ని అర్థం చేసుకోవాలనుకోవడం నేను అప్పుడే మానేశాను.

బొంజుబాబుకి ఒక అలవాటుండేది. పొద్దున్నే అన్నం క్యారేజీని పాత లుంగీ గుడ్డలో చుట్టి, బానెట్ ఎత్తి, ఇంజను పక్కన ఒక మూల ఇరికించేవాడు. రెండు ట్రిప్పులయ్యేసరికి అన్నం పొగలు కక్కేది. ఆ కొండల్లో డ్రైవర్లంతా చేసేదే. నాకు మాత్రం ఒళ్లు మండేది. క్యారేజీకి దక్కిన వేడి నాకు దక్కలేదు కదా అని.

పుష్యమాసంలో ఒక తెల్లవారుజామున మత్స్యలింగం పరుగెత్తుకుంటూ వచ్చి బొంజుబాబు తలుపు కొట్టాడు. చింతపల్లి పక్క ఊరే అతనిది. కాఫీ తోటలో పనిచేస్తాడు. అతని భార్య కాసులమ్మ నెలలు నిండకుండానే కన్నది. ఆడపిల్ల. అంబులెన్సు అప్పటికే ఇంకో కేసు మీద కిందికి దిగింది. పిల్లని నర్సీపట్నం పెద్దాసుపత్రికి చేర్చాలి. బొంజుబాబు బండిని వాళ్ల ఊరు తీసుకెళ్లాడు. వెనక సీట్లో కాసులమ్మ, పక్కన ఆశా కార్యకర్త సన్యాసమ్మ కూర్చున్నారు. సన్యాసమ్మ పిల్లని తల్లి రొమ్ముకు ఆనించి, పైన గుడ్డలు కప్పి, తలకు టోపీ తొడిగింది. ఆ టోపీలో పిల్ల మొహం నాకంటే కాస్త పెద్దది, అంతే.

"బొంజన్నా, ఒకటే మాట. ఈ గుంటకి సలి తగల్నీకూడదు. ఒళ్లు సల్లబడిపోతే మరి దక్కదు" అంది సన్యాసమ్మ.

బయలుదేరాం. అద్దాలన్నీ ఎత్తేశారు. నలుగురు పెద్దవాళ్ల ఊపిరికి ముందు అద్దం తెల్లగా మసకేసింది. మామూలుగా అయితే బొంజుబాబు ఏసీ వేస్తాడు, అద్దం తేటబడుతుంది. అలవాటు కొద్దీ వేశాడు. చల్లగాలి రివ్వున కొట్టింది.

"ఓలమ్మో, ఆపు! ఆపు!" సన్యాసమ్మ అరిచింది.

ఆపేశాడు. ఏసీ వేస్తే పిల్లకి చలి, ఆపేస్తే ఘాటీ రోడ్డు కనిపించదు. మత్స్యలింగం ముందు సీట్లో మోకాళ్ల మీద లేచి, తువ్వాలుతో అద్దం తుడుస్తూ కూర్చున్నాడు. తుడిచిన చోటే మళ్లీ మసక. లంబసింగి చేరేసరికి కాసులమ్మకి కూడా వణుకు పట్టుకుంది. తల్లి ఒళ్లే పిల్లకి పొయ్యి, ఆ పొయ్యే ఆరిపోతోంది.

"ఏడవట్లేదు. ఇందాకటేల మూలిగింది. ఇప్పుడదీ నేదు" అంది కాసులమ్మ. ఆమె గొంతులో కూడా సత్తువ లేదు.

బొంజుబాబు నా వైపు చూశాడు. ఆ చూపులో ఏముందో నాకు తెలుసు. ఇంజను పట్టేస్తే బండి పోతుంది, అతని బతుకుతెరువు పోతుంది. వెనక్కి తిరిగి పిల్లని చూశాడు. "పోతే పోనీ, బండే కదా" అని గోటితో టేపు పీకేశాడు. ఫ్యాను వేసి, నన్ను పట్టుకుని ఎరుపు చివరికంటా తిప్పాడు.

అన్నేళ్లలో మొదటిసారి! నా వెనక తీగ కిర్రుమంది. నాలోని తలుపు తెరుచుకుంది. కాసులమ్మ ఆశగా ముందుకు చెయ్యి చాపింది.

చల్లగాలి వచ్చింది.

ఇంజను పట్టేయలేదు. ఏమీ జరగలేదు. మంచు గాలి మాత్రం వచ్చింది. "ఏటిది? ఎర్రది ఏడి కాదేటి?" అన్నాడు మత్స్యలింగం. బొంజుబాబు నన్ను వెనక్కీ ముందుకీ తిప్పాడు, అరచేత్తో కొట్టాడు, బూతు తిట్టాడు. తిట్టించుకున్నాను. నేనేం చేయను చెప్పండి? పైపులు కోసింది నేనా? నీళ్లు రానివ్వలేదు, పెట్టె ఉంచలేదు, గీత మాత్రం నా మొహాన ఉంచారు. ఆ పిల్ల ముందు అబద్ధాలకోరుగా నిలబడ్డాను. అంత సిగ్గు నాకు ఎన్నడూ కలగలేదు.

బొంజుబాబు ఫ్యాను కట్టేసి, బండి పక్కకి తీసి ఆపాడు. స్టీరింగు మీద తల ఆనించాడు. ఒక్క క్షణమే. చటుక్కున తలెత్తి, "నా కూడు!" అన్నాడు.

"ఇప్పుడు కూడేటన్నా?" మత్స్యలింగం తెల్లబోయాడు.

బొంజుబాబు అప్పటికే దిగి బానెట్ ఎత్తాడు. క్యారేజీ ఇంకా అక్కడే ఉంది, ముందు రోజు తీయడం మరిచిపోయినట్టున్నాడు. కాలిపోతోంది. దాన్ని తువ్వాలులో చుట్టి కాసులమ్మ పాదాల దగ్గర పెట్టాడు. "గుడ్డలియ్యండి, మెత్తటివి" అన్నాడు. సన్యాసమ్మ సంచిలోంచి పాత చీర తీసి చింపింది. ఆ ముక్కల్ని అతను క్యారేజీ పెట్టే మూల పరిచి, చేత్తో తిరగేస్తూ, వెచ్చబడగానే పరుగున తెచ్చాడు. సన్యాసమ్మ ఒక్కొక్కటీ ముందు తన చెంపకి ఆనించుకుని, "ఇది బాగుంది" అనో, "కాస్త ఆరనీ" అనో చెప్పి, తల్లీబిడ్డల మీద కప్పింది. చల్లారినవి తీసి అతని చేతికిచ్చింది.

అలా ఘాటీ పొడుగునా ఆగుతూ దిగాం. బండి ఆపడం, బానెట్ ఎత్తడం, గుడ్డలు మార్చడం, మళ్లీ పోవడం. ఇంజను నుంచి వెనక సీటుకి వేడి చేరవేయడం నా ఉద్యోగం. ఆ రోజు అది బొంజుబాబు చేశాడు, కాలినడకన, వేళ్లు బొబ్బలెక్కుతుంటే. నేను ఎరుపు చివరన ఊరికే చూస్తూ ఉండిపోయాను. కాసులమ్మ వణుకు తగ్గింది. కొండ దిగి మొదటి ఊరు కనబడే వేళకి గుడ్డల కింద నుంచి పిల్లి కూన అరిచినట్టు సన్నగా ఒక ఏడుపు వినిపించింది. మత్స్యలింగం అద్దం తుడవడం ఆపి, తువ్వాలులో మొహం దాచుకుని భోరుమన్నాడు.

"నువ్వేడవకు, అద్దం తుడు. రోడ్డగుపడాల" అన్నాడు బొంజుబాబు. అతని కళ్లూ మసకేసే ఉన్నాయి.

పిల్ల దక్కింది. ఆసుపత్రిలో చాలా రోజులుంచారు. ఈ లోపల బొంజుబాబు నర్సీపట్నంలో మెకానిక్‌కి బండి చూపించాడు. లోపల తొంగి చూసిన మెకానిక్, "ఎవడో మహానుభావుడు పైపులు రెండూ కలిపేసినాడు బాబూ. ఇంక ఏడెలాగొస్తాది?" అన్నాడు. బొంజుబాబు అక్కడికక్కడే పాత పెట్టె ఒకటి వెతికించి వేయించుకున్నాడు.

కాసులమ్మని ఇంటికి తీసుకెళ్లింది మా బండిలోనే. ఘాటీ ఎక్కుతుండగా చలి మొదలైంది. ఆమె సంచిలోంచి ఒక మెత్తటి గుడ్డ తీసి బొంజుబాబుకి అందించింది, వేడి చేసి ఇమ్మని.

"అక్కర్నేదమ్మా. ఇప్పుడిది పనిచేస్తాది" అని అతను నన్ను ఎరుపు వైపు తిప్పాడు.

వెచ్చటి గాలి వచ్చింది. నిజంగా వచ్చింది! కారంతా నిండింది. ముందు అద్దం మీది మసక దానంతటదే కరిగిపోయింది. నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. కానీ కాసులమ్మ నన్ను నమ్మలేదు. సీట్ల మధ్య నుంచి ముందుకు వంగి, ఆ గుడ్డని గాలి వచ్చే చోట పట్టుకుని, వెచ్చబడేదాకా ఆగి, తన చెంపకి ఆనించి చూసుకుని, అప్పుడు పిల్లకి కప్పింది. దారంతా అలాగే చేసింది. బొంజుబాబు నవ్వుతూ ఊరుకున్నాడు. నేనూ ఏమీ అనుకోలేదు. నన్ను నమ్మమని అడిగే మొహం నాకు లేదు.

ఆ తర్వాత అతను నాకు టేపు అంటించలేదు. ఆ కారు చాలా ఏళ్లు తిరిగి, పూర్తిగా పడిపోయాక, ఈ కొట్టుకి చేరింది. విడగొట్టినప్పుడు నన్ను ఒకడు లాగి డబ్బాలో వేశాడు.

నిన్న ఒకాయన వచ్చి డబ్బా కెలికి నన్ను పైకి తీశాడు. "ఇది పనిచేస్తాదా?" అని అడిగాడు. కొట్టువాడు బీడీ ఆర్పకుండానే నవ్వాడు. "నాబ్‌దేటుంది బాబూ, ఎటు తిప్పితే అటు తిరుగుతాది. ఎనకాల పైపులున్నాయో నేవో సూసుకో." ఆయన నన్ను మళ్లీ డబ్బాలో పడేసి వెళ్లిపోయాడు.

మంచిదే. నాకు మళ్లీ ఉద్యోగం చేసే ఓపిక లేదు. మీలో ఎవరైనా నన్ను కొని బిగించుకుంటే మాత్రం ఒక్క మాట. మొదటి రోజే ఎరుపు వైపు ఒకసారి తిప్పి, గాలి దగ్గర మీ చెంప పెట్టి చూసుకోండి. చలి పుట్టే దాకా ఆగకండి.